పట్టా చేతికొచ్చేదాకా: అమెరికా గడ్డినేలల్లో తొలి వలసదారుల బతుకు

డకోటా నుంచి కాన్సస్ దాకా అమెరికా నడిమధ్యన పరచుకున్న గడ్డినేలల్లో 19వ శతాబ్దపు చివరి దశాబ్దాల్లో లక్షల కుటుంబాలు కాపురాలు పెట్టాయి. ఆ కుటుంబాల గురించి ఆ దేశం తరతరాలుగా చెప్పుకుంటున్న కథ ఒకటుంది. మొగుడూ పెళ్ళామూ, ఒక బండి, ఒక నాగలి. ప్రభుత్వం 160 ఎకరాలు ఊరికే ఇచ్చింది. మిగిలినదంతా రెక్కల కష్టం. ఈ కథను ఇప్పటికీ నమ్మేవాళ్ళు ఎందరో ఉన్నారు. ఇది పచ్చి అబద్ధమని, భూమిలో ఎక్కువ భాగం రైల్వే కంపెనీలూ దళారులూ మింగేశారని వాదించిన చరిత్రకారులూ ఉన్నారు. వందేళ్ళకు పైగా సాగుతున్న ఈ వాదంలో రెండు పక్షాలూ ఎక్కువగా భూమి లెక్కలే వేశాయి. ఎన్ని ఎకరాలు ఇచ్చారు, ఎన్ని పట్టాలయ్యాయి, ఎంతమంది మధ్యలో వదిలేసి వెళ్ళిపోయారు అని.

నాకు అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుందనిపిస్తుంది. అర్జీ పెట్టిన రోజుకూ పట్టా చేతికందిన రోజుకూ మధ్య మామూలుగా కనీసం ఐదేళ్ళు. కన్నెనేల తొలి ఏడాది చెప్పుకోదగ్గ పంట ఇవ్వదు. రెండో ఏడాది మిడతలు రావచ్చు, మూడో ఏడాది వడగళ్ళు పడవచ్చు. మరి ఆ ఐదేళ్ళూ ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలిగింది? ఉప్పుకీ కిరసనాయిలుకీ చెప్పులకీ విత్తనాలకీ రొక్కం ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరు తెచ్చారు? డైరీలు, నవలలు, కౌంటీ రికార్డులు, వాటి మీద చరిత్రకారులు రాసిన పుస్తకాలు ఈ ప్రశ్నతో చదివితే, పైన చెప్పిన రెండు కథలకన్నా నిజానికి దగ్గరైన బొమ్మ ఒకటి కనిపిస్తుంది.

ముందు చట్టం ఏం ఇచ్చిందో, ఏం ఇవ్వలేదో చూడాలి. హోమ్‌స్టెడ్ చట్టం మీద అబ్రహాం లింకన్ 1862 మే 20న సంతకం చేశాడు. 1863 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఇరవై ఒక్క ఏళ్ళు నిండినవాళ్ళు గానీ, ఇంటి పెద్దలు గానీ అర్హులు. పౌరులై ఉండాలి, లేదా పౌరులం కావాలనుకుంటున్నామని రాసివ్వాలి. అమెరికా ప్రభుత్వం మీద ఆయుధం పట్టి ఉండకూడదు. పెళ్ళికాని ఆడవాళ్ళూ వితంతువులూ సొంతపేరున అర్జీ పెట్టుకోవచ్చు. కాపురం చేస్తున్న ఇల్లాలికి మాత్రం సాధారణంగా ఆ వీలు లేదు. ఫీజులన్నీ కలిపి 18 డాలర్లు. ఐదేళ్ళు అక్కడే ఉండి సాగు చేసి, ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ళ చేత సాక్ష్యం చెప్పించుకుంటే పట్టా వస్తుంది. అంత కాలం ఆగలేకపోతే ఆరు నెలల తర్వాత ఎకరానికి 1.25 డాలర్ల లెక్కన కట్టి కొనుక్కోవచ్చు. ఈ చట్టం కింద మొత్తం 16 లక్షల దాకా పట్టాలు, 27 కోట్ల ఎకరాలు పంపిణీ అయ్యాయి. ఆ దేశపు నేలలో అది పదో వంతు.

160 ఎకరాలంటే తెలుగు పాఠకుడికి జమీందారీలా వినిపిస్తుంది. అక్కడి లెక్క వేరు. గడ్డినేలల్లో పడమటికి పోయేకొద్దీ వాన తగ్గిపోతుంది. నూరో రేఖాంశం దగ్గరికి వచ్చేసరికి ఏడాదికి 20 అంగుళాలే, అంటే మన అనంతపురం వానకన్నా కాస్త తక్కువ. జాన్ వెస్లీ పావెల్ అనే సర్వే అధికారి 1878లోనే ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు. ఆ రేఖకు పడమట నీటి వసతి లేకుండా బతకాలంటే కుటుంబానికి 2,560 ఎకరాల పశువుల బీడు కావాలన్నాడు. ఆయన మాట ఎవరూ వినలేదు. నాగలి వెంట వానొస్తుందని, నేల దున్నేకొద్దీ వాతావరణమే మారుతుందని నమ్మించే ప్రచారం అప్పటికే ఊపందుకుంది. నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో పనిచేసిన శామ్యూల్ ఆగీ లాంటి చదువుకున్నవాళ్ళే ఆ మాట చెప్పారు. 1880ల తొలి సగంలో నిజంగానే వానలు బాగా పడటంతో జనం నమ్మారు కూడా.

ఇక చట్టం ఇవ్వనిది పెట్టుబడి. 1850లలో సేద్యం కొత్తగా మొదలుపెట్టడానికి సుమారు 1,000 డాలర్లు కావలసి వచ్చేదని ఆర్థిక చరిత్రకారుడు క్లారెన్స్ డాన్‌హాఫ్ 1941లో లెక్కకట్టాడు. తర్వాత వచ్చినవాళ్ళు ఆ అంకెను తగ్గించారు, ఇంకా తక్కువతో నెట్టుకొచ్చినవాళ్ళను చూపించారు. ఎంత తగ్గించినా ఎడ్లు, నాగలి, విత్తనం, బావి, కిటికీ అద్దం, ఇనప పొయ్యి అన్నవి డబ్బు పెట్టి కొనాల్సినవే. 18 డాలర్లకు భూమి దొరికింది నిజం. ఆ భూమి మీద నిలబడటానికయ్యే ఖర్చు చట్టంలో ఎక్కడా లేదు.

ఆ నేల ఖాళీగా ఉన్నది కాదన్న మాట ఇంకెంతో ముందు రావలసింది. పాత చరిత్రలు దాన్ని ఒక అధ్యాయం చివర్లో సర్దేశాయి. ఒక్క కుటుంబం సంగతి చూస్తే చాలు. లారా ఇంగల్స్ వైల్డర్ పిల్లల నవలల వల్ల ప్రపంచమంతటికీ తెలిసిన ఇంగల్స్ కుటుంబం 1869లో కాన్సస్‌లోని ఇండిపెండెన్స్ ఊరికి దగ్గర్లో దుంగలతో ఇల్లు కట్టుకుంది. ఆ చోటు ఒసేజ్ జాతికి ఒప్పందం ప్రకారం మిగిలిన రిజర్వు భూమి. ఇంగల్స్ కుటుంబానికి అక్కడ చట్టపరంగా ఏ హక్కూ లేదు. వాళ్ళలాగే వేలమంది వచ్చి దిగారు, ఒసేజ్‌ల పంటలు తొక్కారు, గుర్రాలు దొంగిలించారు. చివరికి 1870లో ఒసేజ్‌లు ఆ నేల అమ్ముకోవడానికి ఒప్పుకొని, దక్షిణాన ఈనాటి ఓక్లహోమాలో వేరే భూమి కొనుక్కొని తరలిపోయారు. ఎకరాకు వాళ్ళకు ముట్టజెప్పిన ధర 1.25 డాలర్లు. ఆ కాలంలోనే మలేరియాతో పడిపోయిన ఇంగల్స్ కుటుంబానికి వైద్యం చేసిన జార్జ్ టాన్ నల్లజాతి మనిషి. అంటే ‘శ్వేత వలసదారుడి ఒంటరి గుడిసె’ చుట్టూ కనీసం మూడు జాతుల జనం ఉన్నారు. డకోటా ప్రాంతం గురించి కారెన్ హాన్సెన్ 2013లో రాసిన పుస్తకం ఇదే విషయాన్ని ఇంకో చోట చూపిస్తుంది. స్పిరిట్ లేక్ రిజర్వులో డకోటా జాతివాళ్ళూ స్కాండినేవియా నుంచి వచ్చిన పేదలూ పక్కపక్క పొలాల్లోనే బతికారు. ఆ పేదల పేదరికం నిజం. వాళ్ళ పట్టా మరొకరి నష్టం అన్నదీ అంతే నిజం. ఈ రెండింటిలో ఒకదాన్ని చెప్పి రెండోదాన్ని వదిలేసే ఏ సమీక్షనూ నేను ఒప్పుకోలేను.

చెట్లు లేని చోట ఇల్లు దేంతో కట్టాలి? కాళ్ళకింద ఉన్నదానితోనే. శతాబ్దాలుగా అల్లుకున్న గడ్డివేళ్ళు మట్టిని ఇటుకలా పట్టి ఉంచాయి. ప్రత్యేకమైన నాగలితో సుమారు అడుగు వెడల్పు, నాలుగంగుళాల మందం చాళ్ళు కోసి, పారతో మూడడుగుల ముక్కలుగా నరికి, గడ్డివైపు కిందికి తిప్పి పేర్చేవారు. ఒక మామూలు గదికి అర ఎకరం దాకా గడ్డినేల పట్టేది. గోడలు రెండడుగుల మందం. వేసవిలో చల్లగా, చలికాలంలో వెచ్చగా ఉండేది. 1870లలో నెబ్రాస్కాలో ఒకాయన ఇలాంటి ఇంటిని 3 డాలర్లలోపు ఖర్చుతో కట్టాడని చరిత్రకారుడు ఎవరెట్ డిక్ నమోదు చేశాడు. తలుపు, అద్దం, మేకులు కొన్న ఖర్చే అది. వానొస్తే మాత్రం పైకప్పు రెండు మూడు రోజులు కారుతూనే ఉండేది. కప్పు లోపలివైపు పలచటి గుడ్డ కట్టేవారు, రాలే మట్టీ పాములూ కూరగిన్నెలో పడకుండా. 1886 నుంచి నెబ్రాస్కాలోని కస్టర్ కౌంటీలో సాలమన్ బుచర్ ఈ ఇళ్ళ ముందు కుటుంబాలను నిలబెట్టి ఫొటోలు తీశాడు. ఆ ఫొటోల్లో వాళ్ళు తమకున్నదంతా వాకిట్లో పెట్టి చూపించారు: గుర్రాలు, పుచ్చకాయలు, పక్షి పంజరం, కొన్నిచోట్ల హార్మోనియం లాంటి వాద్యం. దారిద్ర్యానికి ఉదాహరణగా వాటిని పుస్తకాల్లో వేస్తుంటారు. నాకు మాత్రం వాటిలో దూరాన ఉన్న బంధువులకు ‘మేం బాగానే ఉన్నాం’ అని చెప్పుకోవాలన్న పట్టుదల కనిపిస్తుంది.

వంటచెరకూ లేదు. మొదట్లో బైసన్ దున్నల ఎండిన పేడ, తర్వాత ఆవుల పేడ, మొక్కజొన్న కండెలు, మెలిపెట్టిన ఎండుగడ్డి. బైసన్ మందలు వేటకు బలై తుడిచిపెట్టుకుపోయాక వాటి ఎముకలు మైళ్ళ కొద్దీ తెల్లగా పడి ఉండేవి. వలసదారులు వాటిని బండ్లకెత్తి రైలు స్టేషన్‌కు తోలి అమ్మేవారు. ఎరువుల తయారీకీ చక్కెర శుద్ధికీ అవి పోయేవి. చాలా కుటుంబాలు ఆ నేల నుంచి కళ్ళజూసిన మొదటి రొక్కం ఇదే, గోధుమ కంటే ముందు.

ఎముకలు కొన్నేళ్ళలో అయిపోయాయి. అసలు ఆదాయం కూలి. ఈ విషయంలో నవలలూ రికార్డులూ ఒకే మాట చెబుతాయి. లారా తండ్రి చార్లెస్ ఇంగల్స్ 1879లో డకోటాకు వచ్చింది రైతుగా కాదు, రైలుమార్గం వేస్తున్న కూలీల శిబిరంలో లెక్కలు రాసే గుమాస్తాగా, దుకాణం చూసే మనిషిగా. నవల ప్రకారం నెలకు 50 డాలర్ల జీతం. ఆ చలికాలం సర్వేయర్ల ఇంట్లో తలదాచుకొని, 1880 ఫిబ్రవరిలో భూమికి అర్జీ పెట్టాడు. అదే ఏడాది అక్కడ డె స్మెట్ ఊరు పుట్టింది. బెల్జియం నుంచి వచ్చిన జెస్యూట్ ఫాదర్ పియేర్ జాన్ డె స్మెట్ పేరు పెట్టారు. చార్లెస్ ఊళ్ళో వడ్రంగం చేశాడు, ఇళ్ళు కట్టాడు, చిన్నచిన్న పదవులు చేశాడు. అంతకుముందు మిన్నెసోటాలో మిడతలు పంట తినేసినప్పుడు కాలినడకన తూర్పుకు పోయి ఇతరుల పొలాల్లో కోతకూలీ చేసి ఇంటికి డబ్బు పంపాడు. ఆయన ఒక్కడే కాదు, ఊళ్ళకు ఊళ్ళే అలా వెళ్ళాయి. పొలం కాపలా ఇల్లాలిది, పిల్లలది. ఇల్లు ఖాళీగా కనబడితే ఇంకొకరు వచ్చి ఆ క్లెయిమ్, అంటే అర్జీ పెట్టిన భూమి, తమదనవచ్చు. కాబట్టి మగవాడు కూలికి పోగలిగిందే ఆడది ఆ గడ్డిలో ఒంటరిగా నిలబడింది గనక.

ఇదే విషయం ఇంకా స్పష్టంగా కనిపించేది కాన్సస్‌లోని నికోడెమస్‌లో. బానిసత్వం నుంచి బయటపడిన కుటుంబాలు కెంటకీ నుంచి 1877లో వచ్చి సాలమన్ నది దక్షిణ పాయ పక్కన కట్టుకున్న ఊరు అది. ప్రకటనల్లో చూసిన ఊరికోసం వెతికితే వాళ్ళకు కనిపించింది నేలలోంచి లేస్తున్న పొగ. ముందొచ్చినవాళ్ళు మట్టిలో తవ్వుకున్న గుంట ఇళ్ళవి. 1878లో భర్తతో, పిల్లలతో వచ్చిన విలియానా హిక్‌మన్ ఆ పొగ చూసి ఏడ్చానని ముసలితనంలో చెప్పుకుంది. ఎడ్లు లేవు, చాలామంది పారలతో నేల తవ్వారు. మగవాళ్ళు రైల్వే పనికోసం కొలరాడో తూర్పు ప్రాంతం దాకా నడిచి వెళ్ళారు. మొదటి చలికాలంలో వేట నుంచి తిరిగి వస్తున్న ఒసేజ్‌లు తమ మాంసం పంచి ఇచ్చి ఊరిని బతికించారని నికోడెమస్‌వాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటారు. పదేళ్ళు కూడా కాకముందు ఇదే కాన్సస్ నుంచి తరిమివేతకు గురైన జాతి అది. ఇలాంటి పరిస్థితుల్లోనే జెన్నీ స్మిత్ ఫ్లెచర్ బడి మొదలుపెట్టింది. ఆ ఊళ్ళో స్థిరపడిన ఎడ్వర్డ్ మెకేబ్ 1882లో కాన్సస్ రాష్ట్ర ఆడిటర్‌గా ఎన్నికయ్యాడు. అమెరికా వలసదారుడి పట్టుదల గురించి మాట్లాడేవాళ్ళు ముందుగా చెప్పాల్సిన ఊరు ఇది. ఐనా వందేళ్ళపాటు దాన్ని పాఠ్యపుస్తకాలు పట్టించుకోలేదు. 1996లో గానీ జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు రాలేదు.

ఆడవాళ్ళ సంపాదన సంగతి చరిత్రకారులు ఆలస్యంగా గుర్తించారు. జోవానా స్ట్రాటన్ 1981లో వేసిన పుస్తకానికి ఆధారం కాన్సస్ స్త్రీలు రాసిన 800 జ్ఞాపకాలు. వాటిని కూడబెట్టింది ఆమె ముత్తవ్వ లిలా డే మన్రో. దశాబ్దాలపాటు అవి ఇంటి అటకమీదే ఉండిపోయాయి. వెన్న, గుడ్లు అన్న రెండు మాటలు ఇలాంటి జ్ఞాపకాల్లో మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఆడవాళ్ళు వెన్న తీసి, గుడ్లు పోగుచేసి ఊళ్ళో దుకాణంలో ఇస్తే ఖాతాలో జమ అయ్యేవి. ఆ జమకే కాఫీ, పంచదార, గుడ్డ వచ్చేవి. గోధుమ డబ్బు ఏడాదికొకసారి, వస్తే. అది కూడా అప్పులకే పోయేది. వారం వారం ఇల్లు నడిచింది ఆడవాళ్ళ చేతి వెన్నమీదే. ఉత్తర డకోటాలో సొంతపేరున భూమి తీసుకున్న స్త్రీల లెక్కలు ఎలేన్ లిండ్‌గ్రెన్ తీసింది. అర్జీల్లో సుమారు పదో వంతు వాళ్ళవే. వాళ్ళలో చాలామంది బడిపంతుళ్ళు, కుట్టుపనివాళ్ళు. జీతంతో పొలాన్ని పోషించి, పొలాన్ని అమ్మి చదువుకో, పెళ్ళికో, తమ్ముళ్ళకో పెట్టారు.

లారా ఇంగల్స్ బతుకులోనూ ఇదే జరిగింది. నవలలో పదిహేనేళ్ళు నిండకుండానే ఊళ్ళో చొక్కాలు కుట్టడానికి వెళ్ళింది, రోజుకు 25 సెంట్లు. 1883 డిసెంబరులో పంతులుగా ధ్రువపత్రం తీసుకుని, ఊరికి మైళ్ళ దూరాన ఉన్న చలిగుడిసె లాంటి బడిలో చేరింది. జీతం నెలకు 20 డాలర్లు. ఆ డబ్బు అక్క మేరీ చదువుకు సాయం కావాలన్నది ఆశ. మేరీకి 1879లో చూపు పోయింది. 1881 నుంచి అయోవాలోని వింటన్‌లో అంధుల కళాశాలలో చదివింది. ఇక్కడ ఒక విషయం ఆగి చెప్పాలి. ఆ చదువు ఫీజు కట్టింది డకోటా టెరిటరీ ప్రభుత్వం. ఎవరి సాయమూ లేకుండా బతికిన కుటుంబంగా నవలల్లో కనిపించే ఇంటికి ప్రభుత్వ సాయం ఒకసారి కాదు, పదే పదే అందింది. 1875లో మిడతల దెబ్బకు చార్లెస్ తనకు ఏ ఆధారమూ లేదని మిన్నెసోటా అధికారుల ముందు ప్రమాణం చేసి రెండు అరపీపాల పిండి తెచ్చుకున్నాడు. కరొలైన్ ఫ్రేజర్ 2017లో రాసిన జీవితచరిత్ర ‘ప్రెయిరీ ఫైర్స్’ ఈ కాగితాలన్నీ వరసగా ముందు పెట్టింది. మరుసటి ఏడాది దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. పిండి తెచ్చుకోవడం ఆ కుటుంబానికి చిన్నతనమేమీ కాదు. ఆ విషయాన్ని దాచిపెట్టిన కథే తర్వాతి తరాల పేదలకు అన్యాయం చేసింది.

ఆ మిడతల గురించి రెండు మాటలు. రాకీ పర్వతాల మిడత 1873 నుంచి 1877 దాకా మిన్నెసోటాను, 1874లో గడ్డినేలలన్నిటినీ ఊడ్చింది. పంట తర్వాత ఉన్ని బట్టలు, పనిముట్ల చెక్కపిడులు కూడా కొరికేసేది. ముప్పై ఏళ్ళు తిరక్కుండా ఆ జాతే అంతరించింది. 1902 తర్వాత ప్రాణంతో ఉన్నది ఒక్కటీ దొరకలేదు. పర్వతాల దగ్గర అవి గుడ్లు పెట్టే నదీలోయలను వలసదారులు దున్నడమే కారణం కావచ్చని కీటకశాస్త్రజ్ఞుడు జెఫ్రీ లాక్‌వుడ్ వాదన. తమకు తెలియకుండానే ఆ శత్రువును నాగలితోనే తుడిచేశారన్నమాట.

పట్టణం సంగతికి వస్తే, ఆ పట్టణాలు పొలాల మధ్య వాటంతట అవి పెరిగినవి కావు. చాలావాటిని రైల్వే కంపెనీలు ముందుగానే గీత గీసి, స్టేషన్ నుంచి తిన్నగా ఒక పెద్దవీధి పెట్టి, స్థలాలు అమ్మి పుట్టించాయి. రైతు బండి ఒక్కరోజులో ధాన్యం తోలి తిరిగి ఇంటికి చేరగలిగేంత దూరాన ఒక్కో ఊరు. భూగోళ శాస్త్రజ్ఞుడు జాన్ హడ్సన్ ఉత్తర డకోటా ఊళ్ళమీద 1985లో రాసిన పుస్తకం దీన్ని పటాలతో చూపిస్తుంది. ధాన్యం కొట్టు, కలప అడితి, సరుకుల దుకాణం, గుర్రాల కొట్టం, చర్చి, బడి, బ్యాంకు. చిన్న ఊరికి కూడా పత్రిక ఉండేది. దానికో కారణం ఉంది. పట్టాకు రుజువు చూపబోయే ప్రతి వలసదారుడూ సాక్షుల పేర్లతో సహా దగ్గర్లోని పత్రికలో ప్రకటన వేయాలని చట్టం. ఆ ప్రకటనల రుసుమే ఎన్నో పత్రికలను బతికించింది. రైలు రాకపోతే ఊరే లేదు. నికోడెమస్ రైలుమార్గం కోసం 1887లో 16,000 డాలర్ల బాండ్లకు ఓటు వేసింది. 1888లో యూనియన్ పసిఫిక్ నదికి అవతలి పక్కన పోయింది. దుకాణాలు, కొన్నయితే కట్టడాలతో సహా, నది దాటి బోగ్ అనే కొత్త ఊరికి వెళ్ళిపోయాయి.

రైలు మీద ఆ బతుకు ఎంతగా ఆధారపడి ఉండేదో 1880–81 చలికాలం చూపించింది. అక్టోబరు 15నే మొదటి మంచు తుపాను. జనవరి మొదట్లో డె స్మెట్‌కు రైళ్ళు ఆగిపోయాయి. మళ్ళీ సరుకు బండి వచ్చింది మే నెలలో. మంచు కోసి తీసిన దారులను తుపాను మళ్ళీ నింపేది, కార్మికులు మళ్ళీ తవ్వేవారు. చివరికి కంపెనీ తవ్వకం మానేసింది. ఊళ్ళో బొగ్గు అయిపోయింది, కిరసనాయిలు అయిపోయింది, పిండి అయిపోయింది. విత్తనాల గోధుమను కాఫీ మరలో ఆడి రొట్టె చేసుకున్నారు. రోజంతా ఎండుగడ్డి మెలిపెట్టి పొయ్యిలో వేశారు. చేతులు పగిలి నెత్తురొచ్చేది. అల్మాంజో వైల్డర్, క్యాప్ గార్లండ్ అనే ఇద్దరు కుర్రాళ్ళు మంచులో బండ్లు కట్టుకుపోయి ఒక రైతు దగ్గర గోధుమ కొనితెచ్చారు. నవలలో ఆ గోధుమను దుకాణదారు బుషెల్ 3 డాలర్లకు అమ్మబోతే ఊరు అడ్డుపడింది, చివరికి అతడు కొన్న ధరకే ఇచ్చాడు. ఇదంతా నవలా రచయిత్రి పెంచి రాసిందేమో అన్న అనుమానం ఉండేది. బార్బరా బూస్టెడ్ అనే వాతావరణ శాస్త్రజ్ఞురాలు తన సహచరులతో కలిసి అప్పటి ఉష్ణోగ్రతలు, తుపాను రికార్డులు పరిశీలించి 2020లో వ్యాసం రాసింది. ఆ చలికాలం నిజంగానే అసాధారణమని తేలింది.

నన్ను ఆ చలికాలంలో ఎక్కువగా ఆలోచింపజేసేది, అప్పటికి ఊళ్ళో దాదాపు ఎవరూ సొంత తిండి మీద బతకడం లేదన్నది. చాలా పొలాలు ఇంకా పండలేదు. దాదాపు ప్రతి ముద్దా, ప్రతి బొగ్గుముక్కా షికాగో వైపునుంచి రావాల్సిందే. ఇంగల్స్ కుటుంబం బతికి బయటపడటానికి ఓపిక ఒక కారణమైతే, పొలంలోని గుడిసె వదిలి ఊళ్ళోకి, నలుగురి మధ్యకు రావడం రెండోది.

ఒంటరితనం చట్టం చేసిన గాయం. ప్రతివాడూ తన క్లెయిమ్ మీదే నివసించాలన్న నిబంధన వల్ల ఇంటికీ ఇంటికీ అరమైలు, మైలు దూరం. 1893లో అట్లాంటిక్ మంత్లీలో యూజీన్ స్మాలీ ఈ పొలాల ఏకాంతం గురించి రాస్తూ, యూరప్‌లోలాగా అందరూ ఊళ్ళో ఉండి పొలానికి వెళ్ళడం మంచిదన్నాడు. రష్యా నుంచి 1874లో కాన్సస్‌కు వచ్చిన మెనొనైట్లు గ్నాడెనావ్‌లో సరిగ్గా అలాగే ఒకే వీధి ఊరు కట్టుకున్నారు. రైల్వే దగ్గర భూమి కలిసి కొనుక్కోగలిగారు కాబట్టి అది సాధ్యమైంది, కొన్నేళ్ళే నిలిచింది. వెంట తెచ్చుకున్న ఎర్ర గోధుమ విత్తనం మాత్రం కాన్సస్ సేద్యాన్నే మార్చేసింది. మిగతావాళ్ళకు గాలి చప్పుడు, గడ్డి, ఆకాశం. నార్వే నుంచి వచ్చిన రోల్వాగ్ రాసిన ‘జెయింట్స్ ఇన్ ది ఎర్త్’లో భర్తకు ఆ మైదానం రాజ్యంలా కనిపిస్తుంది, భార్య బెరెట్‌కు దాక్కోవడానికి చాటు లేని చోటులా కనిపించి మతి చలిస్తుంది. గడ్డినేలల మీద వచ్చిన నవలల్లో నాకు ఇదే అందరికన్నా నిజాయితీగా అనిపిస్తుంది, విల్లా కేథర్ నవలలకున్న అందం దీనికి లేకపోయినా.

ఇప్పుడు చరిత్రకారుల వాదం. విస్కాన్సిన్‌లో పుట్టిన ఫ్రెడరిక్ జాక్సన్ టర్నర్ 1893లో షికాగోలో చదివిన వ్యాసంలో, సరిహద్దు నేలలే అమెరికన్ స్వభావాన్నీ ప్రజాస్వామ్యాన్నీ తయారుచేశాయన్నాడు. నలభై ఏళ్ళపాటు అదే వేదం. 1936లో పాల్ గేట్స్, ఉచిత భూమి చట్టం పక్కనే అమ్మకాలూ రైల్వే దానాలూ సాగాయని, మంచి నేల వాటికే పోయిందని చూపించాడు. 1945లో ఫ్రెడ్ షానన్ ఇంకా గట్టిగా విమర్శించాడు. దాంతో హోమ్‌స్టెడ్ అంటే మోసాల పుట్ట, విఫలమైన వాగ్దానం అన్నది పాఠ్యపుస్తకాల మాటైంది. 2017లో రిచర్డ్ ఎడ్వర్డ్స్, జేకబ్ ఫ్రీఫెల్డ్, రెబెక్కా వింగో నెబ్రాస్కా పట్టాల కాగితాలను ఒక్కొక్కటిగా పరిశీలించి దీన్ని తిరగేశారు. మోసాలు అనుకున్నదానికన్నా చాలా తక్కువని, సగానికి పైగా అర్జీదారులు పట్టా సాధించారని తేల్చారు. ఆదివాసుల భూహరణతో హోమ్‌స్టెడ్‌కున్న సంబంధం అన్నిచోట్లా ఒకేలా లేదని, డకోటాలాంటి చోట్ల మాత్రం నేరుగా ఉందని కూడా వాళ్ళే రాశారు.

వాళ్ళ పని మీద నాకు గౌరవం ఉంది. ఇరుగుపొరుగు సాక్షుల కాగితాల్లో వాళ్ళు వెలికితీసిన ఊరి బంధాలు ఇంతకుముందు ఎవరూ ఇంత ఓపిగ్గా చూడలేదు. ఐనా పట్టాను గెలుపు గుర్తుగా తీసుకోవడం దగ్గర వాళ్ళతో నాకు పేచీ. చార్లెస్ ఇంగల్స్‌కు 1886లో పట్టా వచ్చింది. లెక్క ప్రకారం ఆయన గెలిచినవాడే. 1887లో ఊళ్ళో ఇల్లు కట్టుకొని కుటుంబాన్ని అక్కడికి మార్చాడు, తర్వాత పొలం అమ్మేశాడు, 1902లో చనిపోయేదాకా ఊళ్ళో పనులమీదే బతికాడు. పట్టా వచ్చాకే తనఖా పెట్టడానికి వీలవుతుంది. చాలామందికి పట్టా అంటే అప్పు పుట్టే కాగితం. 1880ల చివర్లో వానలు మొహం చాటేశాక, గోధుమ ధర పడిపోయాక, ఆ తనఖాలే మెడకు చుట్టుకున్నాయి. రైతు కూటములు లేచాయి, 1892లో ఒమహాలో పాపులిస్టు పార్టీ జాతీయ సభ జరిగింది. రైళ్ళను ప్రభుత్వమే నడపాలని అడిగినవాళ్ళు ఈ వలసదారులే. సొంత కష్టాన్నే నమ్ముకొన్నవాళ్ళని మనకు చెబుతున్న జనమే కలిసికట్టుగా ప్రభుత్వాన్ని నిలదీశారు.

అల్మాంజో వైల్డర్‌ను లారా 1885 ఆగస్టు 25న పెళ్ళిచేసుకుంది. ఆయనకు ఒక హోమ్‌స్టెడ్, చెట్లు పెంచితే దక్కే ఇంకో 160 ఎకరాల క్లెయిమ్ ఉన్నాయి. భూమి లెక్కన కలిగినవాడే. ఇంటి మీద 500 డాలర్ల అప్పుందని ఆమెకు పెళ్ళయ్యాకే తెలిసిందని, ఆమె చనిపోయాక 1971లో అచ్చయిన పుస్తకంలో ఉంది. కోతకొచ్చిన గోధుమ వడగళ్ళకు పోయింది. 1888లో ఇద్దరికీ డిఫ్తీరియా వచ్చింది, అల్మాంజో కాళ్ళు ఇక పూర్తిగా కుదుటపడలేదు. 1889 ఆగస్టులో పేరు కూడా పెట్టని కొడుకు పోయాడు, అదే నెలలో ఇల్లు కాలిపోయింది. 1894 జులైలో కూతురు రోజ్‌తో కలిసి డె స్మెట్ వదిలి మిస్సోరిలోని మాన్స్‌ఫీల్డ్‌కు బండి కట్టారు. రాతపెట్టెలో దాచుకొని 100 డాలర్ల నోటు ఒకటి తీసుకెళ్ళారు. ఊళ్ళో కుట్టుపనివారి దగ్గర రోజుకు డాలరు కూలికి లారా పనిచేసి కూడబెట్టిన డబ్బది. మాన్స్‌ఫీల్డ్‌లో ఆ డబ్బు బయానాగా ఇచ్చి, మిగతాది అప్పుపెట్టి 40 ఎకరాలు కొన్నారు. ఆ పొలం మీదే ఇద్దరూ చివరిదాకా నిలిచారు.